మూడో గొంతు

టైలరు ఎక్కడ కూర్చున్నా కుడికాలు ఊరుకోదు. కుట్టుమిషను తొక్కినట్టే, కాలికి కట్టుకున్న తాడుతో ఉయ్యాల ఊపుతూ ఉంటాడు. ఉయ్యాలలో ముగ్గురు కూతుళ్లు, గుడ్డ తానుల్లా పక్కపక్కనే. ఒకే కాన్పులో నెలలు నిండకుండా పుట్టి, ఆసుపత్రి గాజుపెట్టెల్లో పెరిగి ఇంటికొచ్చారు. పెద్దది, నడిపిది ఏడుపందుకుంటే వీధిలో పోయే లారీలు సైతం హారన్ అనుకుని జడిసి పక్కకు తప్పుకుంటాయి. చిన్నది మాత్రం నోరు విప్పదు. గొట్టంతో పాలు తాగిన పిల్ల, ఆకలేస్తే అడగాలని దానికి తెలియదు. “తనంతట తాను ఏడ్చి అడిగిందా, ఇక బెంగ లేదు” అని నర్సమ్మ చెప్పి పంపింది. ఆ ఏడుపు కోసమే టైలరు చెవులు రిక్కించుకుని బతుకుతున్నాడు.

మెడదాకా చుడితే ముగ్గురూ ఒకే అచ్చు. అందుకని చుట్టే గుడ్డల అంచులకు తలో రంగు దారం కుట్టాడు. ఒక మధ్యాహ్నం స్నానాలయ్యాక, తొందరలో నడిపిదాని గుడ్డ చిన్నదానికి, చిన్నదానిది నడిపిదానికి చుట్టేశాడు. అప్పటికే కడుపు నిండా తాగిన నడిపిదానికి, చిన్నదనుకుని మళ్లీ సీసా పట్టాడు. అది మొహమాటపడకుండా లాగించేసింది.

కాసేపటికి ఉయ్యాలలోంచి కోరాగుడ్డ చింపినట్టు ఒక కొత్త గొంతు లేచింది.

“ఎవరండీ అది?” వంటింట్లోంచి భార్య పరుగెత్తుకొచ్చింది.

“చిన్నదే! దాని పాలు నడిపిదానికి పట్టేశాను.”

“ఊరందరి కొలతలూ నోటికి చెబుతారు, కన్నపిల్లను పోల్చుకోలేరా? పైగా ఆ నవ్వొకటి!”

టైలరు కళ్లు తుడుచుకుంటూ సీసా అందుకున్నాడు.

“తిట్టవే, ఎంతైనా తిట్టు. కాస్త మెల్లగా తిట్టు, దాని గొంతు నన్ను విననీ.”