పొడి ఇసుకలో మొండికేసిన రోజు

నా చిన్నప్పుడు మా ఇంట్లో నాకు గిట్టని మాట ఒకటే, బదిలీ. మా నాన్న సైన్యంలో జవాను. ఒక ఊళ్ళో క్వార్టర్ దొరికి, బడి అలవాటై, నాకో స్నేహితురాలు కుదిరేసరికి ఆర్డరు వచ్చిపడేది. ఆ ఏడాది మరీ అన్యాయం. నాన్నని మంచుకొండల మీదికి వేశారు, అక్కడికి ఇంటివాళ్ళు రాకూడదన్నారు. అమ్మనీ నన్నూ భావనపాడులో తాతయ్య ఇంట్లో దింపి, సెలవు అయిపోగానే తనొక్కడే వెళ్ళిపోవాలి.

ఇలా ఎందుకు తిప్పుతారని అడిగితే తలో మాట చెప్పేవారు. అన్నిచోట్లా పని తెలియాలట, ఒకేచోట పాతుకుపోతే సిపాయి మెత్తబడిపోతాడట. వింటుంటే నాకు ఒళ్ళు మండేది. వెళ్ళనని నాన్న ఒక్క మాట అంటే ఏం పోయింది? అలా అనేదాకా ఆయనతో మాట్లాడకూడదని పంతం పట్టాను. పిలిచినా పలికేదాన్ని కాదు. తెల్లారితే ప్రయాణమన్నా నా మూతి ముడుచుకునే ఉంది.

ప్రయాణానికి ముందురోజు పొద్దున్న తాతయ్య నన్ను సముద్రం ఒడ్డున వల లాగడానికి తీసుకుపోయాడు. పెద్ద వలని ఒడ్డుకి లాగేటప్పుడు అందరూ తాడు పట్టుకుని వరసగా వెనక్కి నడుస్తారు. నడుం లోతు నీళ్ళలో మొదలుపెట్టినవాళ్ళు మెల్లగా పొడి ఇసుకలోకి వస్తారు. చివరికి చేరినవాళ్ళు తాడు వదిలి మళ్ళీ నీళ్ళలోకి పోవాలి. నన్ను మధ్యలో నిలబెట్టారు. కాసేపటికి నేనూ చివరికి వచ్చాను.

"వదిలీసి నీల్లకాడికెల్లు," అన్నాడు తాతయ్య.

"నేనెళ్ళను. ఇక్కడే ఉంటాను."

తిడతాడనుకున్నాను. "సరే, ఉండు," అని చెయ్యెత్తి వరసంతా ఆపేశాడు. నేను కదలకపోతే నా ముందువాళ్ళకి వెనక్కి జరిగే చోటు లేదు. అందరికంటే ముందు, నీళ్ళలో మా అత్త ఉంది. ఒక అల ఆమెను ముంచేసింది. లేచి ఊపిరి తీసుకునేలోగా ఇంకోటి కొట్టింది. తాడు మాత్రం వదల్లేదు. ఆమె నాకేసి చూసిన చూపు పచ్చి తిట్టే.

"సూడే గుంటా," అన్నాడు తాతయ్య. "పొడిలో ఉన్నోలు దిగితేగాని నీల్లలో ఉన్నోలు పైకి రారు. మీ నాయిన ఎల్లేది అందుకే. ఆ మంచులో ఎవుడో మీ నాయిన కోసం ఎదురు సూస్తన్నాడు."

"మరి పంపించేవాళ్ళు ఎప్పుడైనా తాడు పట్టారా?"

తాతయ్య నీళ్ళలో ఉన్న అత్తకేసి చెయ్యి చూపించాడు. నేను తాడు వదిలేసి, ఏడ్చుకుంటూనే నీళ్ళలోకి దిగాను.

మర్నాడు బస్సెక్కుతున్న నాన్నతో, "నీ తర్వాతోణ్ణి తొందరగా పంపమని చెప్పు," అన్నాను. ఆ సెలవులో నేను ఆయనతో ఆడిన మాట అదొక్కటే.

నాన్న క్షేమంగా తిరిగొచ్చాడు. తన చోటికి వెళ్ళిన జవానుకి కూడా నా ఈడు కూతురుందని అన్నం తింటూ చెప్పాడు.

ఇప్పుడు మా వీధి కుర్రాళ్ళు సైన్యంలో చేరాలని పొద్దున్నే రోడ్డు మీద పరుగులు తీస్తుంటే, వాళ్ళకి ఇంకా పుట్టని కూతుళ్ళ మీద జాలేస్తుంది. బదిలీ ఎందుకో నాకు ఆనాడే అర్థమైంది. కోపం మాత్రం ఈనాటికీ పోలేదు. మా నాన్న నా పక్కన కూర్చుని అన్నం తిన్న పూట, ఎక్కడో ఆ జవాను కూతురు వాళ్ళ నాన్నతో మాట్లాడకుండా మూతి ముడుచుకుని ఉంటుంది. నన్ను తిట్టుకున్నా తప్పులేదు.