మావయ్యగారి పథ్యం

మా ఇంట్లోకి మందుబిళ్ళ వచ్చిందంటే దాని వెనకే పథ్యం కూడా వచ్చి పీట వేసుకుని కూర్చుంటుంది. డాక్టరు రాసేది మందు ఒక్కటే. దాన్ని ఎప్పుడు మింగాలో, మింగినన్నాళ్ళూ ఏం తినకూడదో చెప్పేది మా అత్తయ్యగారు. జ్వరం మాత్రకి పెరుగు మానెయ్యాలి, నొప్పుల మాత్రకి చామదుంప మానెయ్యాలి, ఏ మాత్రకైనా సరే వంకాయ మానెయ్యాలి. ఆ వంకాయ చేసిన నేరమేమిటో పెళ్ళై వచ్చినప్పటినుంచీ అడుగుతూనే ఉన్నాను. ఆవిడ చెప్పరు, నేను అడగడం మానను. లంఖణం పరమౌషధం అన్న ఒక్క మాట మీద ఆవిడ ఇంత సంసారాన్నీ నెట్టుకొచ్చారు.

నాకు కోపం ఎక్కువ. ఈ సంగతి మండపేటలో మా వీధి మొత్తానికి తెలుసు. అయినా మావయ్యగారి తామర విషయంలో తప్పంతా అత్తయ్యగారి మీదకి తోసెయ్యను. అందులో నా వాటా కూడా ఉంది, అది మధ్యలో చెబుతాను.

రెండేళ్ళ కిందటి మాట. మావయ్యగారికి బజారులో గోనెసంచుల కొట్టు ఉంది. చుట్టుపక్కల రైసుమిల్లులకి సంచులూ పురికొసా అక్కడినుంచే వెళ్తాయి. రేకుల కప్పు కింద, గోనె దుమ్ములో, పంచె కట్టుకుని పొద్దుటినుంచీ కూర్చునే మనిషి ఆయన. ఒంటిగంటకి భోజనానికి ఇంటికొస్తారు. కాళ్ళు కడుక్కుని పీట మీద కూర్చోవడమే ఆలస్యం, మా అమ్మాయి వెళ్ళి ఆయన ఒళ్ళో కూర్చునేది. అప్పటికి దానికి నాలుగేళ్ళు. కంచంలో మొదటి ముద్ద దానిది, రెండో ముద్ద ఆయనది. నేను గంటసేపు బతిమాలినా నోరు తెరవని పిల్ల, ఆయన ఒళ్ళో కూర్చుంటే కాకరకాయ కూడా తినేది. అది చూస్తే నాకు కాస్త అసూయగానూ, బోలెడు హాయిగానూ ఉండేది.

ఒకరోజు ఆయన దాన్ని ఒళ్ళోంచి దింపేశారు. ఉక్కగా ఉంది, పక్కన కూర్చోమన్నారు. మర్నాడు కాళ్ళు నొప్పులన్నారు. ఆ మర్నాటినుంచి భోజనం క్యారేజీలో కొట్టుకి పంపించెయ్యమన్నారు. పిల్ల వారంరోజులు చూసి చూసి, నేను బియ్యం ఏరుతుంటే వచ్చి కొంగు పట్టుకుని, "తాతయ్యకి నేనంటే ఇష్టం పోయిందా?" అని అడిగింది. నాకు ఒళ్ళు మండిపోయింది. సాయంత్రం ఆయన గుమ్మంలో చెప్పులు విడుస్తుండగానే నిలదీశాను.

ఆయన నా మొహం చూడలేదు. గోడకున్న క్యాలెండరు వంక చూస్తూ, "తామరమ్మా. నడుం దగ్గర మొదలై కిందకి పాకింది. పిల్లకి అంటుకుంటుందేమోనని" అన్నారు.

నా కోపం ఎక్కడికి పోయిందో తెలియదు. ఎన్నాళ్ళయిందంటే నాలుగు నెలలన్నారు. మందుల షాపులో అడిగి ఒక ట్యూబు తెచ్చుకుని రాస్తున్నారట. రాసిన రెండోరోజుకి దురద పోతుంది, ఆపిన వారానికి ఇదివరకటికంటే పెద్ద చుట్టగా తిరిగొస్తుంది. కొట్లో ఆయన సొరుగు తెరిస్తే పిండేసిన ట్యూబులు ఒక గుప్పెడు దొరికాయి. దురదని అణిచి తామరని మేపే మందు వాటిలో కలిసి ఉందని తరవాత తెలిసింది.

రాజమండ్రిలో చర్మం డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. మా ఆయన ఆ రోజు సంచుల లోడుతో వెళ్ళారు. లోపలున్నది లేడీ డాక్టరని తెలిసేసరికి మావయ్యగారికి చెమటలు పట్టాయి. "నువ్విక్కడే కూర్చో అమ్మా" అని నన్ను బెంచీ మీద కూర్చోబెట్టి ఒక్కరే లోపలికెళ్ళారు. ఐదు నిమిషాల్లో బయటపడ్డారు. గొట్టం మాత్రలు రాశారనీ, రోజుకి రెండనీ, నెలరోజులనీ చెప్పారు. ఇంకేం చెప్పారని అడిగితే అంతేనన్నారు. నేను సరేనన్నాను. ఇదిగో, నా తప్పు ఇక్కడుంది. చింతపండు కొన్నా గింజ ఉందేమోనని విడదీసి చూసేదాన్ని, ఆ కాగితం మడత విప్పి చూడలేదు.

ఇంటికి రాగానే పథ్యం మొదలైంది. గొట్టం మాత్ర అంటే ఘాటైన మందు, పరగడుపున పడితేనే ఒంటికి పడుతుందని అత్తయ్యగారు తేల్చేశారు. పొద్దున్నే మొహం కడగ్గానే ఒకటి, సాయంత్రం దీపం పెట్టేముందు ఒకటి. నూనె చుక్క లేకుండా ఉడికించిన బీరకాయ, మిరియాల చారు, ఆపైన ఏమీ లేదు. పొద్దుటి గొట్టంతోబాటు మావయ్యగారు ఎప్పుడూ వేసుకునే గ్యాస్ మాత్ర కూడా వెళ్ళేది. సాయంత్రం మిరపకాయ బజ్జీల పుణ్యమా అని ఆ మాత్ర ఆయనకి ఏళ్ళబట్టీ అలవాటు.

పాపం, ఆవిడ ఎంత శ్రద్ధగా చేశారో నేను చూశాను. ఆయన తినని కూర తనూ తినలేదు. ఆయన చారన్నం తింటుంటే పక్కన కూర్చుని విసనకర్రతో విసిరేవారు.

నెల తిరిగింది. మావయ్యగారు చిక్కిపోయి పంచె జారుతోంది కానీ తామర మాత్రం కాస్త రంగు తగ్గి అక్కడే ఉంది. పిల్ల గుమ్మం దాకా వచ్చి, ఆయన్ని చూసి, వెనక్కి వెళ్ళిపోవడం నేర్చుకుంది. పిలిస్తే రావడం మానేసింది. అది చూశాకే కాబోలు, ఆయనకి తెగింపు వచ్చింది. పాత చీటీ చూపించి ఇంకో నెలకి సరిపడా గొట్టాలు తెప్పించుకుని, "రేపటినుంచి రెండేసి వేసుకుంటానమ్మా. నా ఒంటికి ఈ మోతాదు ఆనడం లేదు" అన్నారు.

ఆయన చేతిలోంచి మాత్రలు లాక్కున్నాను. చీటీ కూడా లాక్కుని మొదటిసారి మడత విప్పాను. మందు పేరు కింద తెలుగులో, భోజనం చేసిన వెంటనే అని రాసి ఉంది. దాని కింద గీత గీసి మరీ రాసి ఉంది. రెండు వారాలకి మళ్ళీ రమ్మని ఉంది. లివరు సంగతి చూడ్డానికి రక్తపరీక్షలు రాశామనీ, ఆ చీటీ విడిగా ఇచ్చామనీ ఉంది. ఆ చీటీ ఏదని అడిగితే, కొట్లో చీటీలు గుచ్చే ఊచకి గుచ్చేశానన్నారు.

"మావయ్యగారూ, చీటీ చదవకుండా కొట్లోంచి ఒక్క సంచైనా బయటికి పంపుతారా?" అని అడిగాను.

"లేదమ్మా."

"మరి ఒంట్లోకి పంపేదానికి చదవక్కర్లేదా?"

అడిగేశాక నాకే సిగ్గేసింది, నేను మాత్రం చదివానా.

మర్నాడు ఇంట్లో ఆయన వేసుకునే మందులన్నీ ఒక సంచిలో వేసి మళ్ళీ రాజమండ్రి తీసుకెళ్ళాను. ఈసారి నేనూ లోపలికెళ్ళాను. ఆయన ఫ్యాను వంక చూస్తూ కూర్చున్నారు. డాక్టరుగారు సంచిని బల్ల మీద కుమ్మరించి ఒక్కొక్కటీ తిప్పి చూశారు. ఒక అట్ట దగ్గర ఆగిపోయారు. కిందటేడాది గుండెలో మంటగా ఉందని వెళ్ళినప్పుడు గుండె డాక్టరు రాసిన కొలెస్ట్రాల్ మాత్ర అది.

"ఇది రోజూ వేసుకుంటున్నారా? వేరే మందులేమైనా వాడుతున్నారా అంటే లేదన్నారు కదండి ఆ రోజు?"

"అది గుండెదండి. మీరు చర్మం డాక్టరుగారు కదండి" అన్నారు మావయ్యగారు.

"ఒళ్ళు ఒక్కటే కదండి."

పరగడుపు సంగతీ, పథ్యం సంగతీ కూడా నేను చెప్పాను. ఆవిడ కేకలేయలేదు. ఆ అమ్మాయికి నా వయసే ఉంటుంది, ఓపిక మాత్రం నాకంటే చాలా ఎక్కువ. ఈ గొట్టం మందు ఒంటికి పట్టాలంటే కడుపులో అన్నం ఉండాలి, కడుపులో పులుపు ఉండాలి. పరగడుపున వేసుకుంటే సగం వృథా, గ్యాస్ మాత్ర పులుపుని చంపేస్తే మిగతా సగం కూడా వృథా. అది ఒక సంగతి. రెండో సంగతి పెద్దది. కొలెస్ట్రాల్ మాత్రని ఒళ్ళు ఎప్పటికప్పుడు కరిగించుకుని పంపేస్తుంటుంది. ఈ గొట్టం మందు ఆ పనికి అడ్డం పడుతుంది. అప్పుడు ఆ మాత్ర రక్తంలో పేరుకుపోయి కండరాలని పాడుచేస్తుంది, ఆపైన కిడ్నీల మీదకి పోతుంది. అదీగాక గుండె బలహీనంగా ఉన్నవాళ్ళకి ఈ మందు అసలు ఇవ్వరట.

"రెండేసి వేసుకుందామనుకున్నారండి" అని నేను చెప్పేశాను.

ఆవిడ ఆయన వైపు తిరిగి, "మీ ఇంట్లో పథ్యం పెట్టినవారికి దణ్ణం పెట్టుకోండి. మందు సరిగ్గా పట్టి ఉంటే ఈపాటికి మంచం మీద ఉండేవారేమో" అన్నారు.

గొట్టాలు ఆపించేశారు. గుండె డాక్టరుకి అక్కడినుంచే ఫోను చేసి మాట్లాడారు. రక్తపరీక్షలు మా కళ్ళముందే చేయించారు. అవి బాగానే ఉన్నాయని తేలాక, కొలెస్ట్రాల్ మాత్రతో సర్దుకుపోయే వేరే మాత్ర రాశారు. దాని పేరు ఇక్కడ రాయను. ఇది చదివి ఎవరైనా షాపుకెళ్ళి అడిగి తెచ్చేసుకుంటారని నా భయం. అది మావయ్యగారి రక్తం చూసి, ఆయన మందులు చూసి ఆయనకి రాసిన మాత్ర. రోజుకొకటి, మధ్యాహ్నం భోజనమయ్యాక. కళ్ళు పచ్చబడినా, మూత్రం ముదురురంగులో వచ్చినా, వికారంతో అన్నం సహించకపోయినా వెంటనే ఆపేసి రావాలి. మచ్చ మానినట్టు కనిపించినా తనే చెప్పేదాకా ఆపకూడదు. తువ్వాలు వేరే పెట్టుకోవాలి, బట్టలు ఎండలో ఆరెయ్యాలి, చెమటకి తడిసి నడుముకి అంటుకుపోయే ఆ మొలతాడు ప్రస్తుతానికి తీసెయ్యాలి. పథ్యం మాటేమిటండీ అని అడిగాను. ఏ పథ్యం అక్కర్లేదు, శుభ్రంగా తినమన్నారు. రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే అన్నట్టు, మావయ్యగారి మొహం ఆ రోజులో మొదటిసారి వికసించింది.

ఇంటికొచ్చి అత్తయ్యగారికి అంతా చెప్పాను. చెప్పానంటే గెలిచినదానిలా చెప్పాను. మీ పథ్యం వల్లే మందు పట్టలేదన్నాను. ఆవిడ విసనకర్ర గోడకి తగిలించి లోపలికెళ్ళిపోయారు. అలా వెళ్ళడం నాకు బాగాలేదు. పోట్లాడి ఉంటే బాగుండేది. తరవాత నేనే వెనకాల వెళ్ళి, డాక్టరుగారు అన్న దణ్ణం మాట కూడా చెప్పాను. అది నేను ముందు కావాలనే మింగేశాను మరి. ఆవిడ మొహంలోకి రంగొచ్చింది. సాయంత్రానికల్లా ఆవిడ పథ్యమే ఆయన్ని కాపాడిందని వీధంతా తెలిసిపోయింది. మర్నాడు మా ఇంట్లో గుత్తివంకాయ కూర. మావయ్యగారి మొలతాడు అత్తయ్యగారు ఉతికి, ఆరబెట్టి, పసుపు డబ్బాలో దాచుకున్నారు. "మందయ్యేదాకా నా తాడుతోబాటు మీ తాడూ నా దగ్గరే ఉంటుంది" అన్నారు ఆయనతో.

మాత్ర ఇచ్చే పని మా అమ్మాయికి అప్పగించాను. తాతయ్యకి ఒంట్లో బాగా లేదనీ, నీకు అంటకూడదనే దూరంగా ఉన్నాడనీ చెప్పాను. ముందే చెప్పాల్సింది. ఒంటిగంటకల్లా అది ఆయన పీటకి ఎదురుగా తన పీట వేసుకుని కూర్చునేది. మావయ్యగారు మళ్ళీ ఇంటికొచ్చి తినడం మొదలుపెట్టారు. కంచం ఖాళీ అయ్యాక అది లేచి, దూరంనుంచే మెడ చాచి ఆయన కళ్ళలోకి చూసి, "పచ్చగా లేవు" అని చెప్పి, అప్పుడు నా చేతిలో మాత్ర ఆయనకి ఇమ్మనేది.

మూడో వారానికి మచ్చ మాయమైంది. ఆ రోజు మాత్ర మింగాక ఆయన పిల్ల వంక చూసి, "ఇక చాలేమో కదమ్మా. కనబడ్డమే లేదు" అన్నారు నాతో. ఆ గొంతు విని నాకు సరేననాలనిపించింది. అనలేదు. డాక్టరుగారు చెప్పాలి మావయ్యగారూ అన్నాను. "అవును, చెప్పాలి" అని ఆయనే లేచి చెయ్యి కడుక్కున్నారు. ఆయనంటే నాకెంత ఇష్టమో నాకు ఆ రోజే తెలిసింది. ఇంకా మూడు వారాలు ఆ పీటలు రెండూ ఎదురెదురుగానే ఉన్నాయి.

చివరికి డాక్టరుగారు చూసి, ఇంక మందు అక్కర్లేదన్నారు. మర్నాడు మధ్యాహ్నం ఆయన పీట మీద కూర్చుని, ఉతికిన పంచె సర్దుకుని, ఒడి మీద చేత్తో తట్టారు. పిల్ల కదల్లేదు. నా వంక చూసింది. నేను తలూపాను. అప్పుడు వెళ్ళి కూర్చుంది. ఆయన వంకాయకూర కలిపి మొదటి ముద్ద అలవాటుగా దాని నోటికి అందించారు. అది ఆ చెయ్యి పట్టుకుని ఆయన నోటికేసి తిప్పింది. "ముందు నువ్వు తినాలి తాతయ్యా" అంది. ఆయన తిన్నారు. అత్తయ్యగారు అన్నం గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయారు.

భోజనాలయ్యాయి, కంచాలు తీసేశాను. పిల్ల ఇంకా ఒళ్ళోంచి దిగలేదు. ఆయన ఒక కాలు మెల్లిగా చాపబోయి ఆగడం చూశాను.

"దిగవే, తాతయ్యకి కాలు తిమ్మిరెక్కింది" అన్నాను.

"ఉండనీ అమ్మా" అన్నారు మావయ్యగారు. "తిమ్మిరేగా. దీనికి మందక్కర్లేదు."