తెలుగులో చెప్పుకున్న మాట

ఢిల్లీలో తెలుగు వినపడితే కరిగిపోయే రోగం నాకు చాలా ఏళ్ళు ఉండేది. మెట్రోలో ఎవరో ఫోనులో "అన్నం తిన్నావా" అంటే చాలు, నా స్టేషను దాటిపోతున్నా వింటూ కూర్చునేదాన్ని. ఆ రోగం చాణక్యపురిలో, ఒక విదేశీ రాయబార కార్యాలయంలో, వీసా కౌంటరు ముందు కుదిరింది.

మా చెల్లెలు ఆ దేశంలో ఉంటుంది. అమ్మా నాన్నా తొందరగా పోతే దాన్ని పెంచింది నేనే. ఆ హడావుడిలో నా పెళ్ళి సంగతి ఎవరికీ గుర్తురాలేదు, నాకూ గుర్తురాలేదు. చెల్లెలికి రెండుసార్లు కడుపు పోయింది. మూడోసారి డాక్టర్లు మంచం దిగొద్దన్నారు. మొగుడికి సెలవు దొరకలేదు. "నువ్వొచ్చి పక్కనుండక్కా, ఇంకేం వద్దు" అంది ఫోనులో.

ఫైలు పట్టుకుని వెళ్ళాను. సెంట్రల్ గవర్నమెంటు ఉద్యోగం, ఆఫీసువాళ్ళు సెలవు మంజూరు చేసిన కాగితం, మయూర్ విహార్ ఫ్లాటు పత్రాలు, తిరుగు టికెట్టు, అన్నీ అందులో ఉన్నాయి. వీసా ఇచ్చేవాళ్ళ భయమల్లా మనం వెళ్ళి అక్కడే ఉండిపోతామని కదా. పింఛను వచ్చే ఉద్యోగం వదిలి ఎవరు ఉండిపోతారు? ధీమాగా కూర్చున్నాను.

కౌంటరులో అద్దం వెనక ఒక అమ్మాయి ఉంది. ఆ దేశపు మనిషి కాదు, వాళ్ళు ఇక్కడ పనికి పెట్టుకున్న మన మనిషే. నా పాస్‌పోర్టు తిరగేసి, పుట్టిన ఊరు చూసి, మైకులో "మీది తణుకా అండీ? మాది భీమవరం పక్కనండీ!" అంది. ప్రాణం లేచొచ్చింది నాకు. ఊరుకాని ఊళ్ళో, అంత మంది తుపాకుల వాళ్ళని దాటి లోపలికి వస్తే, గోదావరి యాస!

"చెల్లెలుగారికి ఎన్నో నెలండీ? పాపం, మరి ఇక్కడ మీకెవరున్నారండీ?" అని అడిగింది, పక్కింటి పిల్ల అడిగినట్టు.

"నాకెవరున్నారమ్మా, అదే నా ప్రాణం. దాన్నొదిలేసి ఇక్కడ ఏం చేసుకోను?" అన్నాను. మన ఇళ్ళలో ఏ అక్కయినా అనే మాటే కదా. ఆ పిల్ల "అయ్యో" అని కూడా అంది. అని, మైకు ఆపేసి, వెనక కూర్చున్న దొర వైపు తిరిగి ఏదో చెప్పింది. అద్దంలోంచి పెదాలు కదలడం కనపడింది. నా తరఫున మాట సాయం చేస్తోందనుకుని నేను నవ్వుతూ నమస్కారం పెట్టాను. ఎంత వెర్రిదాన్ని!

వీసా ఇవ్వలేదు. కాగితంలో కారణం రాశారు: తనకు భారతదేశంలో ఎవరూ లేరని, చెల్లెలిని విడిచి ఉండలేనని దరఖాస్తుదారే స్వయంగా చెప్పారు, కాబట్టి తిరిగి వస్తారన్న నమ్మకం మాకు కలగలేదు. ఫైలంతా గంగలో కలిసింది. నా మాట పట్టుకునే నా పీక కోశారు.

ఎనిమిదో నెలలో, ఒక మధ్యాహ్నం, ఇంట్లో ఒక్కతే ఉన్నప్పుడు చెల్లెలికి నొప్పులొచ్చాయి. పక్కన మనిషి లేక ఆస్పత్రికి చేరడం ఆలస్యమైంది. ఆడపిల్ల, దక్కలేదు. ఆ బిడ్డని నేను ఫోనులోనే చూశాను, గుడ్డలో చుట్టి ఉండగా. ఆ తరవాత బట్టలారేస్తున్నా, కూర తాలింపు వేస్తున్నా, నా నోరు ఆ కౌంటరు పిల్లని తిడుతూనే ఉండేది. దాని నోరు పడిపోను, దానికీ ఒకరోజు రాకపోదు అనుకునేదాన్ని. దొరని ఎప్పుడూ తిట్టలేదు. వాడికి నా భాష రాదు.

ఆ రోజు వచ్చింది. నేను అప్పటికి మా ఫ్లాట్ల సొసైటీకి సెక్రటరీని. మా దగ్గర అద్దెకు దిగాలంటే ఫ్లాటు యజమాని ఒప్పుకుంటే సరిపోదు, కమిటీ కూడా సరేనని కాగితం ఇవ్వాలి. ఆ కాగితం ఇచ్చేముందు సెక్రటరీ వచ్చినవాళ్ళని చూసి మాట్లాడి, కమిటీకి చెప్పాలి. ఒక ఆదివారం తలుపు తీస్తే ఒకామె నిలబడి ఉంది. గోడమీద నా పేరు చూసిందేమో, "నమస్తే అండీ, మీరు తెలుగువారాండీ?" అంది. ఆ గొంతు నేను చచ్చినా మర్చిపోను. తెచ్చిన కాగితంలో ఉద్యోగం దగ్గర ఆ రాయబార కార్యాలయం పేరే ఉంది.

నన్ను ఆమె గుర్తుపట్టలేదు. కూర్చోమన్నాను. డికాక్షన్ వేసి కాఫీ ఇచ్చాను. "మీది ఏ ఊరమ్మా?" అని అడిగాను, ఎంతో తియ్యగా. ఆ కాఫీ తాగుతూ ఆమె కూడా కరిగిపోయింది, నేను చూస్తూనే ఉన్నాను.

"ఎవరికీ చెప్పలేదండీ, మీరు మనవాళ్ళు కాబట్టి చెబుతున్నాను. మా ఆయనతో పడక వచ్చేశానండీ. ఎక్కడుంటే అక్కడికి తాగొచ్చి గేటు దగ్గర అరుస్తాడు. అందుకే రెండిళ్ళు మారాను. ఈ నెలాఖరుకి ఇప్పుడున్నదీ ఖాళీ చెయ్యమన్నారు. ఒంటరి ఆడదానికి ఎవరూ ఇవ్వట్లేదండీ. ఇక్కడైతే గార్డులున్నారు, కొంచెం ధైర్యంగా ఉంటుంది." కళ్ళు తుడుచుకుంది. నేను "అయ్యో" అన్నాను. ఇంకో కప్పు కాఫీ పోశాను.

సాయంత్రం కమిటీ కూర్చుంది. ఆమెని బయట కుర్చీలో కూర్చోబెట్టారు. మా ప్రెసిడెంటు అంకుల్, రిటైరైన పంజాబీ ఆయన, ఫైలు మూసి నావైపు చూశాడు. "ఆప్ కీ తరఫ్ కీ హైఁ. ఆప్ బతాయియే, ఠీక్ హైఁ న?" అన్నాడు, మీ వైపావిడే కదా, మీరే చెప్పండి, పరవాలేదా అని.

ఠీక్ హైఁ అంటే అయిపోయేది. నేను గొంతు సవరించుకుని ఇంగ్లీషులో మొదలుపెట్టాను. తన భర్త తాగి గేటు దగ్గర గొడవ చేస్తాడని, అందువల్లే ఇంతకుముందు ఇళ్ళు మారానని దరఖాస్తుదారే స్వయంగా చెప్పారు. ఒక్క ముక్క కల్పించలేదు. "అరే బాప్ రే" అన్నాడు అంకుల్. మరుక్షణం అందరూ వద్దన్నారు.

మెట్ల దగ్గర ఆమె నన్ను ఆపింది. మొహం తెల్లబోయి ఉంది. "మీతో తెలుగులో చెప్పుకున్నానండీ. వాళ్ళకెందుకు చెప్పారు?"

ఏళ్ళ తరబడి నేను అడగాలనుకున్నది అదే. అద్దం అడ్డమొచ్చి అడగలేకపోయాను. అప్పుడు చెప్పాను అంతా: కౌంటరు, తణుకు, చెల్లెలు, గుడ్డలో చుట్టిన బిడ్డ. ఆమె నా మొహంలోకి వెతుక్కున్నట్టు చూసింది.

"నాకు గుర్తులేదండీ. రోజూ ఎంతోమంది వస్తారు. వాళ్ళన్నది లోపల చెప్పడమే మా పనండీ," అంది.

"నా పనీ అదేనమ్మా. కమిటీ అడిగింది, చెప్పాను."

చేసుకున్నవాళ్ళకి చేసుకున్నంత. కడుపు చల్లబడింది. అబద్ధమెందుకు, అంత హాయిగా అన్నం తిని ఎన్నాళ్ళయిందో. తిని, చెల్లెలికి ఫోను చేశాను. ఆమె గొంతు అనుకరించి మరీ చెప్పాను, కాఫీ దగ్గర్నించి మెట్ల దాకా. అది అంతా విన్నది.

"ఇప్పుడావిడ ఎక్కడికెళ్తుందక్కా?" అంది చివరికి.

"నాకేం తెలుసే! నువ్వు ఒక్కదానివి నేలమీద పడి ఏడుస్తుంటే ఆవిడ ఆలోచించిందా? నీకోసం, ఆ పసిదానికోసం..."

"నా పాపని ఇందులోకి లాగకు," అంది.

ఫోను పెట్టేసింది. ఆ తరవాత నేను చేస్తే ఎత్తడం లేదు. మరిదే ఎత్తి, "పడుకుందండీ వదినగారూ" అంటాడు, అక్కడ మిట్టమధ్యాహ్నమైనా.