సున్నుండంత బంతి

పరాయి రాష్ట్రంలోని ఈ రైల్వే ఊళ్ళో ఉగాది సాయంత్రం జరగబోయే మన తెలుగువాళ్ళ సభలో పాటలకీ నాటికకీ మధ్య ఏడు నిమిషాలు ఖాళీ ఉందని తెలియగానే నా పేరు రాయించేశాను. ఏం చేస్తావని అడిగితే మేజిక్ అన్నాను. ఒట్టి చేతిలో ఒక బంతి పుడుతుంది. వేళ్ళ మధ్య అది రెండవుతుంది, మూడవుతుంది, నాలుగవుతుంది. రైల్వే ఇన్‌స్టిట్యూట్ లైబ్రరీలో వడ్రంగం పుస్తకాల మధ్య దొరికిన అట్టలేని ఇంగ్లిషు పుస్తకంలో ఈ విద్య చదివాను. ఇంటర్‌తో ఆగిన చదువు నాది. ఆ తర్వాత నేర్చుకున్నదంతా ఆ లైబ్రరీ బీరువాల దగ్గరే, పక్కన నిఘంటువు పెట్టుకుని. ఫోన్‌లో చూడొచ్చు కదా అంటారు మా ఆయన. ఫోన్‌లో మేజిక్ చూస్తే ఆశ్చర్యపోతాం, అంతే. పుస్తకమైతే వేలు పెట్టిన చోట ఆగుతుంది, మళ్ళీ అడిగితే విసుక్కోకుండా మళ్ళీ చెబుతుంది.

ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో మా రైల్వే క్వార్టర్‌లో ఈ వార్త ముందు మా అత్తగారికి చెప్పాను. ఆవిడ చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది.

"బంతులాటా? నలభై దాటినావు, ఇప్పుడేటే బంతులాట?"

"ఆట కాదత్తా, మేజిక్. స్టేజీ మీద."

ఆవిడ కాసేపు ఈనెలు తీసి, "సరే," అంది. "నేను ఆకరి వరసలో కూకుంటాను. ఆపరేసనైన కళ్ళు నాయి. నాకు కనబడితేనే నువ్వు మేజిక్కు సేసినట్టు. కనబడలేదనుకో, ఇంక ఈ ఇంట్లో బంతి అన్న మాట ఇనబడకూడదు."

"ఒప్పుకున్నాను," అన్నాను.

మా ఆయన వర్క్‌షాపు నుంచి వచ్చి సంగతి విని, "అయిపోయింది నీ పని," అన్నారు. కానీ నవ్వుతూనే అన్నారు.

అప్పటిదాకా నేను సాధన చేసింది నిమ్మకాయలతో. ఇప్పుడు అసలైన బంతులు కావాలి. ఎలాంటివి? ఆ ప్రశ్న నాకెంత సంతోషమిచ్చిందో చెప్పలేను. గోల్‌బజార్‌లో ఆటవస్తువుల దుకాణంలో నిలబడి ఒక్కొక్క బంతినీ అరచేతిలో పెట్టి చూశాను. పింగ్‌పాంగ్ బంతి కొన్నాను. అది చేతిలో ఉందో లేదో చేతికే తెలియదు, పైన ఫ్యాను తిరిగితే దాని దారిన అది పోతుంది. రబ్బరు బంతి వేళ్ళని అంటుకుని వదలదు. ఒక వేలి మీద నుంచి ఇంకో వేలి మీదికి దొర్లమంటే మొండికేస్తుంది. గోల్ఫ్ బంతి ఒకటి పాతసామాన్లలో దొరికింది. నాలుగు అలాంటివి వేళ్ళ మధ్య పట్టుకుంటే మణికట్టు వంగిపోయేలా ఉంది. ప్రతి బంతికీ ఒక స్వభావం ఉంటుందని అప్పుడే తెలిసింది. చివరికి కొయ్యబంతి దగ్గర ఆగాను. బరువు ఉండీ లేనట్టుంటుంది, చేతి వేడిని తొందరగా తనలోకి తీసుకుంటుంది.

పరిమాణం దగ్గర నేను పుస్తకాన్నే నమ్మాను. రెండంగుళాల బంతి మంచిదని ఉంది. మలంచా రోడ్డు పక్కన మంచం కోళ్ళూ, పిల్లలాడుకునే బొంగరాలూ చెక్కే వడ్రంగి దగ్గర, అందరం దాదా, అంటే అన్న, అని పిలుస్తాం ఆయన్ని, రెండంగుళాలవి చెక్కించాను. ఇంటికి తెచ్చి అరచేతిలో దాచబోతే బొటనవేలు అందలేదు. ఒకటి పట్టుకుంటే రెండోది జారింది. రెండూ పట్టుకుంటే మూడోది మా అత్తగారి మంచం కింద తేలింది.

"ఒలే, నీ మేజిక్కు నా మంచం కిందుంది, వచ్చి తీసుకో," అని పిలిచేది ఆవిడ, చేతికర్రతో బంతిని బయటికి నెడుతూ. వారం తిరిగేసరికి ఆ పిలుపు అలవాటైపోయింది.

ఆ పుస్తకం రాసింది పెద్ద చేతుల మగవాడని అప్పుడు తట్టింది. కోటు జేబులూ, చొక్కా కఫ్‌లూ అంటూ రాస్తాడు. చీర కట్టుకున్న మనిషి ఈ పుస్తకం తెరుస్తుందని అతనికి కలలో కూడా వచ్చి ఉండదు. మరి నా చేతికి ఎంత బంతి కావాలి? చిన్నదైతే పట్టుకోగలను. కానీ చివరి వరసకి కనబడదు. అక్కడ కూర్చునేది మా అత్తగారు!

ఆ ఆదివారం సున్నుండలు చేస్తున్నాం. పిండిలో నెయ్యి పోసి ఇద్దరం చెరో పక్కా చుడుతున్నాం. ఆవిడ పళ్ళెం, నా పళ్ళెం పక్కపక్కనే ఉన్నాయి.

"సూడు," అంది ఆవిడ. "పెళ్ళై వచ్చిన కాడ్నించీ ఇంతే. పిసినారి ఉండలు. నా ఉండ ఒకటి తింటే కడుపు నిండుద్ది. నీది తింటే ఇంకోటి కావాలి."

"నా గుప్పిట అంతే పడుతుందత్తా," అన్నాను, ఎప్పుడూ చెప్పే జవాబే. అనేశాక చెయ్యి ఆగిపోయింది. పళ్ళెం వైపు చూశాను. ఇరవై ఉండలు, కొలిచి పోత పోసినట్టు ఒక్కటే సైజు. ఏ కొలతా లేకుండా ఇన్నేళ్ళుగా నా గుప్పిట ఒకే ఉండని చుడుతోంది. ఒకదాన్ని అరచేతిలో పెట్టి మెల్లగా బొటనవేలి మొదలుకి ఆనించి చెయ్యి తిప్పాను. నిలిచింది. పడలేదు. చేతి వెనకవైపు నుంచి చూస్తే అక్కడ ఏదో ఉందని కూడా తెలియదు.

"అత్తా! దొరికింది!"

"ఏటి దొరికింది? రాయా?"

ఒక సున్నుండని స్టీలు డబ్బాలో పెట్టుకుని సైకిలు మీద దాదా దగ్గరికి వెళ్ళాను. ఆయన డబ్బా మూత తీసి నా ముఖం వైపు చూశాడు.

"దీదీ, యే తో లడ్డూ హై."

"ఇంత సైజు బంతులు, దాదా. నాలుగు. నున్నగా ఉండాలి కానీ మెరవకూడదు," అన్నాను, తెలుగూ హిందీ కలిపి. ఆయన రెండు కాళ్ళ మధ్య వస్తువుని పట్టి కొలిచే ఇనుప పరికరంతో దాన్ని అటూ ఇటూ కొలిచాడు. కొయ్యముక్క బిగించి లేత్ తిప్పాడు. మొదటి బంతి వచ్చాక సున్నుండ పక్కన పెట్టి చూసి, "ఠీక్ హై," అన్నాడు. బంతిని నమూనాగా ఉంచుకుని సున్నుండని నోట్లో వేసుకున్నాడు. కళ్ళు మూసుకుని నమిలాడు. మిగిలిన మూడు బంతులూ చాలా ఉత్సాహంగా చెక్కాడు.

చేతి సమస్య తీరింది. కంటి సమస్య మిగిలింది. చిన్న బంతి దూరానికి కనబడాలంటే రంగు మీదే ఆధారపడాలి. ఇక్కడ నేనూ, మా ఆయనా క్షణం కూడా ఆలోచించలేదు. మా నాన్న రైల్వే, మావగారు రైల్వే, ఈయన రైల్వే. మా ఇళ్ళలో దూరానికి కనబడేది అంటే ఎరుపే. జెండా ఎరుపు, దీపం ఎరుపు, బండిని ఆపేది ఎరుపు. పుస్తకంలోనూ ఎరుపు మంచిదనే ఉంది. ఎర్ర ఎనామెల్ రెండు పూతలు వేశాం.

ఉగాదికి ముందు హాల్లో రిహార్సల్ పెట్టారు. మా ఆయన చివరి వరసలో కూర్చున్నారు. నేను స్టేజీ మధ్యలో నిలబడి మొదటి బంతిని వేళ్ళ మధ్య పైకెత్తాను.

"అప్పుడే మాయం సేసేసినావా?" అని అరిచారు వెనక నుంచి.

"ఇంకా మొదలెట్టలేదండీ! ఇదిగో, చేతిలోనే ఉంది!"

"ఏ సేతిలో?"

వెనక్కి తిరిగి చూశాను. నా వెనక తెర, ఈ చివర నుంచి ఆ చివరి దాకా, ముదురు ఎరుపు. ఏళ్ళ తరబడి ఆ హాలుకి వస్తున్నాం. ఆ తెర ముందే ఎన్ని నాటకాలు చూశాం. ఇద్దరిలో ఒక్కరికీ గుర్తు రాలేదు. పైగా ఎనామెల్ మెరుపుకి, చేతి చెమటకి, బంతి సబ్బుముక్కలా జారుతోంది.

ఆ రోజు నాకు దిగులు వేయాలి. వేయలేదు. కొత్త లెక్క దొరికిన పిల్లలా ఇంటికి పరుగెత్తాను. గరుకు కాగితంతో ఎరుపంతా గీకేశాను. ఒక బంతికి తెలుపు, ఒకదానికి పసుపు, మెరుపు లేని రంగులు వేశాను. మర్నాడు హాల్లో మేం స్థానాలు మార్చుకున్నాం. స్టేజీ మీద మా ఆయన, చివరి వరసలో నేను. ఆయన ఒక్కో చేత్తో ఒక్కో బంతి పైకెత్తి, బండికి సిగ్నలు చూపిస్తున్నంత గంభీరంగా నిలబడ్డారు.

"ఏదే? తొందరగా సెప్పు, సెయ్యి లాగుతోంది."

తెల్లబంతి దీపాల కింద వెలిగిపోతోంది, కానీ అంచు తెలియడం లేదు. నాలుగు పక్కపక్కన పెడితే ఒకటే తెల్లటి మచ్చ అవుతుంది. పసుపుది గుండ్రంగా, విడిగా, ఇదిగో నేనిక్కడున్నాను అన్నట్టు ఉంది. నాలుగింటికీ పసుపే. దాని వెనక ముదురు రంగు చీర ఉంటే ఇంకా బాగుంటుంది. నలుపు కట్టుకుంటానంటే మా అత్తగారు పండగపూట నలుపేటని ఒప్పుకోలేదు. ముదురాకుపచ్చ పట్టుచీర ఆవిడదే తీసి ఇచ్చింది.

"పందెం పందెమే," అంది చీర చేతిలో పెడుతూ. "సీరిచ్చినానని కనబడినట్టు సెప్పను."

ఉగాది సాయంత్రం హాలు నిండిపోయింది. ఉక్కపోత. అరచేతులు తడిగా ఉన్నాయి. అయినా గరుకు తేలిన పసుపు బంతి ఆ తడిని పట్టుకుని నిలిచింది. ముందు వరసలు చూడలేదు నేను. అందరి తలల మీదుగా చివరి గోడ దగ్గర మా అత్తగారి తెల్ల జుట్టు కోసం చూశాను. ఒట్టి చెయ్యి చూపించాను. తిప్పాను. గాలిలోంచి ఒకటి తీశాను.

హాలు చివరి నుంచి ఒక గొంతు.

"ఒకటి!"

జనం వెనక్కి తిరిగారు. చెయ్యి ఊపాను. రెండోది వచ్చింది.

"రెండు!"

మూడోదానికి ఆవిడతో పాటు చుట్టుపక్కల వాళ్ళు కూడా అరిచారు. నాలుగోది ఎలా వస్తుందో రాయను, ఆ పుస్తకం చదివినవాళ్ళ మధ్య అదొక మర్యాద. వేళ్ళు విప్పి నాలుగూ పైకెత్తాను.

"ఒలమ్మ! నాలుగు! అవి నా కోడలి సున్నుండలే!"

హాలంతా నవ్వింది. నేను స్టేజీ మీదే నవ్వేశాను, మేజిక్ చేసేవాళ్ళు నవ్వకూడదని పుస్తకంలో ఉన్నా సరే. బంతి ఒక్కటీ పడలేదు.

ఇంటికొచ్చాక ఆవిడ మంచం మీద కూర్చుని ఒక బంతి అడిగి తీసుకుంది. వేళ్ళ మధ్య పెట్టి, నాలాగే చెయ్యి తిప్పింది. బంతి ఆవిడ వేళ్ళ సందులోంచి జారి మంచం కిందికి పోయింది. చేతికర్రతో తనే బయటికి లాగి మళ్ళీ ప్రయత్నించింది. మళ్ళీ పోయింది.

"నా సేతికి ఇది సిన్నది," అంది.

మర్నాడు పొద్దున్నే స్టీలు డబ్బాలో మా అత్తగారు చుట్టిన సున్నుండ పెట్టుకుని దాదా దగ్గరికి వెళ్ళాను. ఆయన మూత తీశాడు, దాని సైజు చూశాడు, లేత్ మీదున్న మంచం కోడు పక్కన పెట్టేశాడు.