తిరిగొచ్చే గాలి

సృజన్ కుదురుగా కూర్చోగలిగే చోటు ఒక్కటే, ఫిల్మ్ నగర్‌లో అతను పనిచేసే డబ్బింగ్ థియేటర్. అక్కడ సౌండ్ ఇంజనీరు. శబ్దం కొలిచే మీటరులో ముల్లు ఎర్రగీత దాటిందంటే ఎంత పెద్ద హీరో అయినా డైలాగ్ మళ్ళీ చెప్పాల్సిందే. "చెవి అలసిపోతుందండీ, మీటరు అలసిపోదు" అనేవాడు.

అలాంటి మనిషిని తీసుకెళ్ళి జూబ్లీహిల్స్ ఆసుపత్రిలో, నెలలు నిండకుండా పుట్టిన కూతురి వెంటిలేటర్ ముందు నిలబెడితే ఇంకేముంది? తెర మీది అంకెలకు అతుక్కుపోయాడు. పాపలోకి వెళ్ళిన గాలి ఒక అంకె, తిరిగొచ్చిన గాలి ఇంకో అంకె. ఆ రెండోది ఎప్పుడూ తక్కువే. అది పెరిగితేనే పాప గొంతులో వేసిన గొట్టం తీస్తామన్నారు డాక్టర్ మంజులత. పై అంతస్తులో కుట్లతో పడుకున్న భార్య భువన ఫోన్ చేసి "ఇప్పుడెంత చూపిస్తోంది?" అని అడిగేది. నిజం చెప్పలేక, అబద్ధం ఆడలేక, టీకి వెళ్తున్నానని ఫోన్ పెట్టేసేవాడు. పాపం, టీ కొట్టువాడు బాగుపడ్డాడు.

ఇంకో బాధ అతన్ని లోపల్లోపల తినేస్తోంది. గాలంతా గొంతులోని గొట్టంలోంచే పోతుంది కాబట్టి పాప ఏడ్చినా బయటికి వినపడదు. నోరు తెరుచుకుంటుంది, మొహం ఎర్రబడుతుంది, అంతే. ఎన్నో సినిమాల్లో పసిపిల్లల ఏడుపులు అతికించినవాడికి సొంత కూతురి గొంతు ఎలా ఉంటుందో తెలీదు.

ఆ ఉదయం నర్సు గీతిక పాపను పక్కకి తిప్పింది. పాప మొహం ముడిచింది. సన్నగా కీచుమంది.

"ఏడ్చింది! విన్నారాండీ, మా అమ్మాయి ఏడ్చింది!" సృజన్ గంతేసినంత పని చేశాడు.

గీతిక నవ్వలేదు. "అప్పుడే సంబరపడకుండ్రి సార్. గొట్టం ఉండంగ సప్పుడు రావొద్దు. పక్కనుంచి గాలి పోతున్నట్టుంది" అంటూ డాక్టర్ని పిలిచింది.

మంజులత వచ్చి చూశారు. "పాప పెరిగింది, గొట్టం వదులైంది. బయటికొచ్చే గాలి కొంత మిషన్‌కి అందకుండా పక్కనుంచి జారిపోతోంది. అందుకే ఆ అంకె తక్కువ చూపిస్తోంది."

"అంటే పాప బాగున్నట్టా, లేనట్టా?"

"ఆ అంకెను బట్టి చెప్పలేం. ఛాతీ కదలిక, రక్తపరీక్ష బాగున్నాయి. లావు గొట్టం వేసి మళ్ళీ కొలవొచ్చు. లేదా తీసేసి చూడొచ్చు. తీయడమే మంచిదని నా ఉద్దేశం. కానీ తట్టుకోలేకపోతే మళ్ళీ వేయాల్సొస్తుంది. మీరేమంటారు?"

ఇన్నాళ్ళూ నమ్మిన అంకె చేతిలోంచి పోయింది, దాని బదులు ఇంకోటి ఎవరూ ఇవ్వడం లేదు. సృజన్ అలవాటుగా తెర వైపు చూశాడు. తర్వాత పాప వైపు చూశాడు.

"తీసెయ్యండి మేడమ్."

ప్లాస్టర్ ఊడదీశారు. గొట్టం లాగేశారు. పాప ఏడవలేదు. పొట్ట లోపలికి పోయి అక్కడే ఆగింది. సృజన్ మంచం కమ్మీ పట్టుకున్నాడు. ఆ పొట్ట లేచింది, దిగింది, మళ్ళీ లేచింది.

ముక్కుకి చిన్న ఆక్సిజన్ గొట్టాలు అమర్చి తలెత్తిన గీతిక, అతని వాలకం చూసి కంగారుపడింది.

"సార్, పాప తీస్కుంటుంది. జర మీరు గూడ ఊపిరి తీస్కోండ్రి."