గాసి మావ పలకని పేరు

వలిసె పూలు విరగబూసిన పొలం గేటు దగ్గర గాసి మావని టిక్కెట్టు అడిగారు. పొలం అతనిదే. అతని తండ్రి రాళ్ళేరి చదును చేసిన పొలం. ఆ ఏడు విత్తనం చల్లింది కూడా అతనే.

"టిక్కెట్టు లేకపోతే పక్కకి నిలబడు తాతా, వెనకాల జనం ఉన్నారు," అన్నాడు కాపలావాడు. కింద మైదానం నుంచి కొత్తగా వచ్చిన మనిషి. మావ చేతిలో కొడవలి చూసి, "అది లోపలికి తేకూడదు," అని కూడా అన్నాడు.

వైజాగ్ నుంచి వచ్చినవాళ్ళలో ఒకామె, "తాత భలే ఉన్నాడు, ఫోటోలోకి రమ్మనండి," అంది.

"ఇది నా పొలం," అన్నాడు మావ.

"అయితే ఓనరు గారు నీకు తెలిసే ఉంటారు. పేరు చెప్పు, ఫోన్ చేస్తాను."

మావ కాసేపు ఆ పసుపుపచ్చని పూల వంక చూసి, కొడవలి చంకలో పెట్టుకుని ఇంటికి వచ్చేశాడు.

ఓనరు ఎవరో మావకి తెలియక కాదు. అరకు సంతలో పెద్ద కొట్టున్న రవిబాబు. వాళ్ళ నాన్న పసుపు, పిప్పళ్ళు కొనడానికి కొండెక్కి ఇక్కడే ఉండిపోయాడు. రవిబాబు మా మధ్యే పెరిగాడు. మిగతా షావుకార్లు సంతలో మమ్మల్ని "ఒరే, ఇటు రా" అని పిలిచేవాళ్ళు. వాళ్ళకి మా భాషలో తూకం మాటలు నాలుగు వస్తే గొప్ప. రవిబాబు అలా కాదు. మేం మాలో మాట్లాడుకునే ఆదివాసీ ఒరియా అతను మాకంటే తియ్యగా మాట్లాడతాడు. ముసలమ్మ కనబడితే ముందు ఆమె కోళ్ళ సంగతి అడుగుతాడు, తర్వాత మనవల సంగతి, ఆ తర్వాతే పసుపు సంగతి. మా వరసలన్నీ అతనికి తెలుసు. ఎవరిని మావా అనాలో, ఎవరి ముందు తల వంచాలో ఎప్పుడూ తప్పు చేయలేదు.

మనుషుల మనసు గెలవాలంటే వాళ్ళ భాషలో మాట్లాడమని లైబ్రరీలో ఒక పుస్తకంలో చదివాను. నిజమే. గెలిచాక ఏం చేస్తారో ఆ పుస్తకంలో లేదు.

గాసి మావ మా అమ్మకి అన్న వరస. అతని భార్య సొంబారి. చాలా ఏళ్ళ కిందట ఆమెకి కాన్పు కష్టమైంది. మా ఊరికి అప్పుడు రోడ్డు లేదు. దుప్పటిని కర్రకి కట్టి, డోలీలో వేసి కొండ దింపాలి. పసుపు కొనడానికి ఊళ్ళోకి వచ్చి ఉన్న రవిబాబు చొక్కా విప్పి, డోలీ కర్ర ఒక కొస భుజానికెత్తుకున్నాడు. వాన. జారుడు. దారి పొడుగునా సొంబారి కళ్ళు మూయకుండా ఆమెతో మాట్లాడుతూనే ఉన్నాడట, మా మాటలోనే. "నీ పుట్టింటి ఊళ్ళో ఊట నీళ్ళు తియ్యగా ఉంటాయా? మీ అమ్మ రాగి అంబలి ఎలా కాస్తుంది? చెప్పు వదినా, పడుకోకు." బిడ్డ దక్కలేదు. సొంబారి దక్కింది.

ఆ రోజు అతను నటించాడని నేననను. అతను చెడ్డవాడని అననివ్వకుండా నాకు అడ్డం పడేది కూడా ఆ రోజే.

సొంబారి లేచి తిరగగలిగాక గాసి మావ రవిబాబుతో నేస్తరికం కట్టాడు. మా దగ్గర నేస్తరికం అంటే ఊరికే స్నేహం కాదు. ఊరి పెద్దల ముందు ఒకరి నెత్తిన ఒకరు పసుపు బియ్యం వేస్తారు. ఒకే అడ్డాకు దొప్పలో జీలుగు కల్లు తాగుతారు. తువ్వాళ్ళు మార్చుకుంటారు. ఆ తర్వాత వాళ్ళు ఒకరి పేరు ఒకరు నోటితో పలకరు, వేరేవాళ్ళు పలికితే అవునని తల కూడా ఊపరు. "నేస్తం" అనే పిలవాలి. వాళ్ళ పెళ్ళాలూ అంతే. పేరు పలికితే తోడబుట్టినవాణ్ణి చేజేతులా పాడె ఎక్కించినట్టు. పాపం తగలకుండా తెంచుకోవాలంటే ఒకటే దారి. తువ్వాలు తీసుకెళ్ళి తిరిగి ఇవ్వాలి, అవతలివాడు దాన్ని రెండు చేతులతో అందుకోవాలి. అలా తెంచుకున్నవాళ్ళని నేను చూడలేదు.

టూరిస్టులు పెరిగాక రవిబాబు ఒకరోజు మావ వాకిట్లో పనసచెట్టు కింద కూర్చుని అడిగాడు. "నేస్తం, నీ పొలం రోడ్డు పక్కనుంది. ఓ మూల రెండు పాకలేసుకుంటాను. పొలం నీదే, నువ్వే చల్లుకో, నువ్వే కోసుకో."

"నన్నడగాలేటి నేస్తం? ఏసుకో," అన్నాడు మావ. అంతే. కాగితం లేదు, సాక్షి లేడు. పాకలు రిసార్టు అయ్యాయి. కంచె వచ్చింది, గేటు వచ్చింది, పూలు చూడడానికి టిక్కెట్టు వచ్చింది.

గేటు సంగతి విన్న రోజున నేనే అర్జీ రాసి పెట్టాను. ఏజెన్సీలో ఆదివాసీ భూమి బయటివాళ్ళ చేతికి పోకూడదు. అది చట్టం. భూమి రవిబాబుకిచ్చానని మావ ఒక్క మాట చెబితే చాలు, పొలం వెనక్కి వస్తుంది.

విచారణ రోజున రవిబాబు రాలేదు. అతని కొట్లో పనిచేసే సోములు వచ్చాడు. హుకుంపేట వైపు ఆదివాసీ, భూమి అతని చేతిలో ఉంటే చట్టం అడ్డు రాదు. "గాసి ఆ పొలం నాకిచ్చాడమ్మా, రిసార్టు నాదే," అన్నాడు, నేల వంక చూస్తూ.

విచారించే మేడమ్ మంచామే. కొత్తగా వచ్చింది. మావ లోపలికి రాగానే చేతులు జోడించి, ఎవరి దగ్గరో నేర్చుకున్న మా మాటల్లో "బాగున్నావా మావా, ఏం తిన్నావు?" అని పలకరించింది. గదిలో అందరూ మెచ్చుకోలుగా నవ్వారు. మావ మాత్రం బెదిరిన మేకలా ఒక అడుగు వెనక్కి వేశాడు.

"పొలం సోములుకిచ్చారా?" అని ఆమె అడిగింది.

"నేదమ్మా."

"మరి ఎవరికి?"

"నా నేస్తానికి."

"ఆయన పేరు?"

మావ చేతిలోని తువ్వాలు నలుపుతూ నిలబడ్డాడు. మేడమ్ మళ్ళీ అడిగింది, మెల్లగా, చిన్నపిల్లాడిని అడిగినట్టు. నేను ఉండబట్టలేక, "రవిబాబు! రవిబాబు!" అని అరిచాను.

"ఇచ్చింది నువ్వు కాదు. ఇచ్చిన మనిషి చెప్పాలి," అంది ఆమె. నన్ను బయటికి పంపారు. ఆచారం సంగతి కిటికీలోంచి చెప్పాను. ఆమె విన్నది, కాని రాసుకోవడానికి ఆమెకి కావలసింది పేరు. ఇంకో వాయిదా ఇచ్చింది.

ఇంటికొచ్చాక నేను మావ మీద విరుచుకుపడ్డాను. "నీ తండ్రి ఏరిన రాళ్ళు మావా అవి! ఆడు నీ నెత్తిన గేటు కడితే నువ్వు ఆడి పేరు మొక్కజొన్న విత్తనంలాగ దాచుకున్నావా?"

"ఒరే గుంటడా, ఎక్కువ సదివితే నోరు పెద్దదవుతాదా?" అన్నాడు మావ.

"అత్తా, నువ్వైనా చెప్పు."

సొంబారి పొయ్యి దగ్గర నుంచి లేవకుండానే, "నా పాణం మోసిన బుజంరా అది," అంది. మళ్ళీ తనే, "ఈ కూడు నాకు ఆ పొలం పెట్టింది. ఆ పొలం లేకపోతే ఇంకెందుకు ఈ పాణం?" అంది. మావతో అనలేదు, పొయ్యితో అన్నట్టు అంది.

తువ్వాలు తిరిగి ఇచ్చేద్దామన్న మాట మొదట ఎవరన్నారో గుర్తులేదు. మర్నాడు పొద్దున్నే మావ దాన్ని ఉతికి, ఆరబెట్టి, మడత పెట్టి నేను కిరాయికి తోలే జీపు ముందు సీట్లో కూర్చున్నాడు. అరకు సంత రోజు. కొట్టు ముందు జీపు ఆపి, నేను స్టీరింగు దగ్గరే ఉన్నాను.

రవిబాబు మావని చూడగానే గల్లాపెట్టె వదిలి గుమ్మంలోకి వచ్చాడు. "నేస్తం! కబురు లేకుండా వచ్చావే. వదిన మోకాలు నెప్పి తగ్గిందా? తిన్నావా?" అన్నీ మా మాటలోనే. మావ తువ్వాలు రెండు చేతులతో ముందుకు చాచాడు.

రవిబాబు ఒక్క క్షణం ఆగాడు. ఆ ఆగడం నేను చూశాను. తర్వాత నవ్వి, చేతులు వెనక్కి కట్టుకుని, "చలికాలం నేస్తం, దాన్ని భుజాన వేసుకో. అది నీ దగ్గరుంటేనే నాకు మనసు చల్లగా ఉంటుంది," అన్నాడు. పనివాణ్ణి పిలిచి వదినకి పకోడీ పొట్లం కట్టమన్నాడు.

అతను మా భాష ఎంత నేర్చాడో ఆ రోజు తెలిసింది నాకు. మేం ఏం మాట్లాడతామో ఒక్కటే కాదు, ఏది మాట్లాడలేమో కూడా నేర్చుకున్నాడు.

"తువ్వాలు గుమ్మంలో పారేసి రావలసింది," అన్నాను జీపులో.

"కుక్క ఎత్తుకెల్తే కుక్కతో తెగుతాదేటిరా?" అన్నాడు మావ. పకోడీ పొట్లం ఒళ్ళోనే ఉంది. అది సొంబారి తినలేదు, పారేయలేదు. చూరులో దోపింది.

వాయిదా రోజున మేడమ్ ఆ ప్రశ్నే మళ్ళీ అడిగింది. మావ "నా నేస్తం" అన్నాడు. ఆమె కళ్ళజోడు తీసి నుదురు రుద్దుకుంది. సోములు మాటే నిలబడింది. బయటికొచ్చాక సోములు మావ కాళ్ళు పట్టుకోబోయాడు. మావ అతణ్ణి లేపి, "బేగి ఎల్లు, నీకు కొట్లో పనుంటాది," అన్నాడు.

నేను ఆ కొండ మీద ఉండలేకపోయాను. వైజాగ్‌లో బండి తోలే పని దొరికితే వెళ్ళిపోయాను. మళ్ళీ వలిసెలు పూసిన రోజుల్లో టూరిస్టుల్ని తీసుకుని అరకు వచ్చినప్పుడు, వాళ్ళు దిగింది ఆ గేటు దగ్గరే. రోడ్డుకి ఇవతల గట్టు మీద గాసి మావ కూర్చుని ఉన్నాడు, పూల వంక చూస్తూ. బాగా చిక్కిపోయాడు. భుజం మీద తువ్వాలు లేదు.

నేను పక్కన కూర్చున్నాను. సొంబారి సంగతి అడిగితే, "ఉంది, మాటే తగ్గింది," అన్నాడు.

"తువ్వాలేది మావా?" అన్నాను.

"మొన్న ఈ గేటు కాడ నిలబడితే కారొచ్చింది. ఆడే తోలుకొచ్చాడు. పక్కన ఎవులో పెద్దోల్లున్నారు. అద్దం దించి, తెలుగులో, 'గాసీ, దారికడ్డం లెగు' అన్నాడు. పేరెట్టి పిలిసేడురా. ఆడే తెంపేసేడు. ఇంక ఆ తువ్వాలెందుకు?" మావ చేతిలోని గడ్డిపరకని ముక్కలు చేశాడు. "ఆ మేడమ్ బదిలీ అయిపోనాదంట. ఇప్పుడు నానూ ఆడి పేరు పలకొచ్చు. అడిగేవోల్లేరి?"