తల సౌజన్యం

రాజ్యాలు కూలిన తేదీలన్నీ రాసిపెట్టుకున్న చరిత్ర, ఆ ఇంట్లో భోజనాలయ్యాక జరిగే మహాకార్యాన్ని ఎక్కడా నమోదు చేయకపోవడం శోచనీయం. కంచాలు కడగడం పూర్తవగానే ఇంటాయన కిటికీ పక్కనున్న చేతుల కుర్చీలో ఆసీనుడయ్యేవాడు. మెడ నిటారుగా నిలిపేవాడు. ఇల్లాలు వంటింట్లోంచి ఆవిరి కక్కుతున్న ఫెల్టు టోపీని రెండు చేతులా పట్టుకొచ్చి, పట్టాభిషేకం చేస్తున్నంత శ్రద్ధగా ఆయన తలమీద దించేది. కనుబొమల మీదికి లాగి, చెవుల పైన సర్ది, చుట్టూ పురికొస బిగించి, ఒకే ఒక్క ఆజ్ఞ జారీ చేసేది.

"మాట్లాడకండి."

ఆ క్షణం నుంచి టోపీ ఆరేదాకా ఆయన మనిషి కాదు, అచ్చు.

మాట్లాడకుండా ఉండటం ఆయనకు చిన్న త్యాగం కాదు. ఉద్యోగం చేసినన్నాళ్లూ బస్టాండులో ప్రకటనలు చదివినవాడు. ఏ బస్సు ఎక్కడ ఆగిందో, ఏది ఎంత ఆలస్యమో, ఎవరి సంచీ ఎవరికి దొరికిందో ఊరందరికీ ఆ గొంతే చెప్పేది. మైకుగారు అన్న పేరు అలా వచ్చింది. రిటైరైన రోజున బస్టాండువాళ్లు మైకు మాత్రం ఉంచేసుకుని మనిషిని ఇంటికి పంపారు. గొంతు ఆయన వెంటే వచ్చింది.

"గమనిక! స్టవ్వు మీది పాలు పొంగుటకు సిద్ధముగా ఉన్నవి," అని హాల్లోంచి వినిపించేది. "కూరలో ఉప్పు ఆలస్యముగా నడుస్తున్నది. కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము."

ఆవిడ ఒక నాటక కంపెనీలో దుస్తుల గది చూసిన మనిషి. సేనాధిపతుల కత్తులు, దొంగల మీసాలు, డిటెక్టివుల టోపీలు ఆవిడ చేతుల మీదుగానే రంగస్థలం ఎక్కేవి. కంపెనీ మూతపడ్డాక ఆ విద్య ఇంటికి తెచ్చుకుని, పాత టోపీలు బాగుచేయడం మొదలుపెట్టింది. పెట్టెల అడుగున నలిగినవి, పురుగు కొట్టినవి, ముత్తాతల చెమటకు అట్టకట్టినవి గుమ్మం దాకా వచ్చేవి. వాటిని కెటిల్ ఆవిరి పట్టి మెత్తబరచడం, నూగు ఎటు వాలితే అటే బ్రష్షు నడపడం, లోపలి తోలుపట్టీ విప్పి మళ్లీ కుట్టడం, ఆఖర్న నడినెత్తిన వేళ్లతో సొట్ట పెట్టడం. గిన్నెకు సొట్ట పడితే ఇల్లెగిరిపోయేలా అరిచే జనం, టోపీకి సొట్ట సరిగ్గా పడలేదని అలుగుతారు. లోకం తీరే అంత.

మైకుగారు ఇంటిపట్టున ఉండటం మొదలైన మొదటి వారంలోనే ఆవిడ ఒక విషాదవార్త చెప్పింది.

"టోపీలకి కొయ్య అచ్చొకటి ఉండేదండీ. చెదలు తినేశాయి." టేపు తెచ్చి ఆయన తల కొలిచి, ఒక అడుగు వెనక్కి వేసి చూసింది. "అబ్బ, ఎంత లక్షణమైన తలండీ! ఇన్నేళ్లుగా పక్కనే పెట్టుకుని చూసుకోలేకపోయాను."

పెళ్లయిన నాటి నుంచి ఆ తలను ఏ కారణం చేతా ఎవరూ మెచ్చుకోలేదు. ఆయన అక్కడికక్కడే కరిగిపోయాడు.

"మరి మాట్లాడితే ఏమవుతుందోయ్?"

"దవడ కదిలితే కణతలు కదులుతాయి. కణతలు కదిలితే టోపీ చెవుల దగ్గర ఉబ్బుతుంది. కావాలంటే చూసుకోండి."

ఆయన కణతల మీద వేళ్లు పెట్టుకుని రెండు బస్సుల రాకపోకలు ప్రకటించి చూశాడు. నిజంగానే కదిలాయి. శాస్త్రం ముందు ఎవరైనా తల వంచాల్సిందే. అయితే ఆయనకు వంచే అనుమతి లేదు.

అది మొదలు ఆ తల ఇంటి ఆస్తి అయింది. ఎండలో బయటికి తీసుకెళ్లేవాడు కాదు. మంగలి కత్తెర ఎత్తగానే, "చూసి కొట్టవోయ్, కొలతలు మారితే మా ఆవిడ నిన్నూ నన్నూ కలిపి తంతుంది," అని హెచ్చరించేవాడు.

ఇలా సాగుతుండగా బ్యాండు మేస్టారు నల్లటి ముద్దలాంటి వస్తువొకటి చేత్తో పట్టుకుని దిగాడు. ట్రంపెట్ వాయించేవాడు, వాళ్ల తాతగారి టోపీ లేకుండా ఊదితే అపస్వరం పలుకుతుందని ఆయన నమ్మకం.

"మా డ్రమ్ములవాడు దీనిమీద కూర్చున్నాడు చెల్లెమ్మా. వాడి బరువు నీకు తెలీదు. ఆదివారం కచేరీ ఉంది. పోయినసారి నీ అచ్చు ఎంత బాగా కుదిరిందో!"

"ఆ అచ్చు నేనే," అన్నాడు మైకుగారు కుర్చీలోంచి.

మేస్టారు ఆయన్ని ఎగాదిగా చూశాడు. "నిజమా బావగారూ? మరి బయట బోర్డు మీద మీ ఊసే లేదే!"

మేస్టారు వెళ్లిపోయాడు గాని, ఆ మాట కుర్చీలోనే కూర్చుండిపోయింది. గుమ్మం పక్కన ఆవిడ తన చేత్తో రాసుకున్న బోర్డు ఉంది: పాత ఫెల్టు టోపీలు బాగుచేయబడును. రోజూ ఎండిపోయే తల గురించి అందులో అక్షరం ముక్క లేదు. తనను ఈ ఇల్లు పనివాడిగా లెక్కిస్తోందా, కుర్చీగానా అన్నది తేలిపోవాలనుకున్నాడు.

మర్నాడు భోజనాలయ్యాక కుర్చీ ఎక్కలేదు.

"బోర్డు మీద నా ప్రస్తావన వచ్చేదాకా నా తల సమ్మెలో ఉంది."

"అలాగే, ఉండనివ్వండి," అంది ఆవిడ సూదిలో దారం ఎక్కిస్తూ.

ఆ నింపాది చూసి ఆయన లోలోపల నవ్వుకున్నాడు. మేస్టారి టోపీ ఇంట్లో ఎక్కడా కంటికి కనిపించలేదు. దుఃఖం పట్టలేక ఎక్కడో దాచేసి ఉంటుంది పాపం, అనుకున్నాడు. ఈలోగా ఖాళీగా ఉన్న నోటికి పని చెప్పాడు. కెటిల్ బయలుదేరే వేళలు ప్రకటించాడు. ఆవిడ వేసే ప్రతి కుట్టునూ స్వాగతించి సాగనంపాడు. పక్కింటి కుక్క తన సామాన్లను తానే భద్రపరచుకోవలసిందిగా కోరాడు. సమ్మె రెండో రోజు పొద్దు వాలేసరికి ఆవిడ సూది కింద పెట్టేసింది.

"ఏం రాయమంటారో చెప్పండి, మహాప్రభో."

"భాగస్వామి."

"కెటిల్‌కి లేని హోదా మీకెందుకు? సహాయకుడు అని రాస్తాను."

"నేను సహాయం చెయ్యట్లేదు, తల ఇస్తున్నాను!"

"అయితే అదే రాద్దాం. తల సౌజన్యం: మావారు."

ఆయన ఆ మాటను బస్టాండు గొంతుతో ఒకసారి చదువుకుని చూశాడు. నిండుగా ఉంది. ఒప్పుకున్నాడు.

ఆవిడ బోర్డు దించి తుడుస్తూ, "రంగు డబ్బా అటక మీదుంది. నేనే తెస్తానుండండి," అంది. గెలిచినవాడికి ఆగే ఓపిక ఎక్కడిది? అప్పటికే నిచ్చెన వేసేశాడు.

అటక మీద, పాత సూట్‌కేసుల వెనక, తువ్వాలు కప్పుకుని ఎవరో కూర్చున్నట్టుంది. తువ్వాలు తీశాడు. నున్నగా మెరుస్తున్న కొయ్య తల. చెదలు కాదు గదా, గీత కూడా పడలేదు. కింద చెక్కిన అంకె ఆయన తల కొలతే. దానికి బ్యాండు మేస్టారి టోపీ తొడిగి ఉంది. పురికొస బిగించి, అంచు చదునుగా సాపుచేసి, సొట్ట పెట్టి. తాకి చూశాడు. పూర్తిగా ఆరిపోయి ఉంది.

ప్రకటన చేయడానికి నోరు తెరిచాడు. జీవితంలో మొదటిసారి ఏ బస్సూ రాలేదు. కిందికి దిగి ఈ మోసాన్ని వీధివీధికీ చాటవచ్చు. చాటితే బోర్డు పోతుంది. బోర్డు పోతే తల పోతుంది. తల పోయాక మిగిలేది హాల్లో కూర్చుని పాల గురించి అరిచే ముసలాయన.

"ఏమండీ! అక్షరాలు పెద్దవి రాయనా, చిన్నవా?" కింద నుంచి కేక.

ఆయన తువ్వాలు ఉన్నదున్నట్టు కప్పాడు.

"పెద్దవే," అన్నాడు.

డబ్బాతో దిగిన మనిషి మోకాళ్ల మీది దుమ్మును, జుట్టుకు పట్టిన సాలెగూడును ఆవిడ చూసింది. టోపీల బ్రష్షు తీసి, నూగు వాలిన వైపే మెల్లగా దులిపింది.

శనివారం మధ్యాహ్నం బ్యాండు మేస్టారు వచ్చేసరికి మైకుగారు కిటికీ పక్కన కొలువుదీరి ఉన్నాడు, తాతగారి టోపీతో సహా. మేస్టారు గుమ్మంలో ఆగి బోర్డు రెండుసార్లు చదివాడు. చెప్పులు విడిచి మునివేళ్ల మీద లోపలికొచ్చాడు.

"అభినందనలు బావగారూ," అని గుసగుసగా అన్నాడు. "ఆరిందా?"

మైకుగారు దవడ కదపకుండా కళ్లతో ఇల్లాలిని చూపించాడు.

"ఇంకో గంట పడుతుందన్నయ్యా," అంది ఆవిడ, కాఫీ గ్లాసు అందిస్తూ. "కూర్చోండి. ఇల్లు ప్రశాంతంగా ఉంది."

టోపీ ఆరి అప్పటికి రెండు రోజులైంది.